నిండిందని చెప్పిన పానెల్

దేవసహాయం ఎవరితోనూ మంచిగా మాట్లాడే మనిషి కాదు. పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలే చెప్పుకోవడం లోకంలో అలవాటు. ఆయన విషయంలో అలా చెబితే ఆ గని కార్మికుల కాలనీలో ఒక్కరూ నమ్మరు. పాలవాడితో నీళ్ల గురించి, పక్కింటివాళ్లతో కోళ్ల గురించి, పాస్టరుతో ప్రసంగం పొడుగు గురించి ఆయన తగాదా పడని వారం లేదు. భార్య సాయమ్మ బతికున్నన్నాళ్లు ఆయన తరఫున ఇల్లిల్లూ తిరిగి సర్దిచెప్పి వచ్చేది. ఆమె పోయాక ఆ పని చేసేవాళ్లు లేకపోయారు. కూతురు క్రిస్టినా తనవల్ల కాదని ముందే చెప్పేసింది.

గోదావరిఖనికి ఆనుకుని, మూతపడిన పాత భూగర్భ గని ఒకటుంది. బొగ్గు గనిని అక్కడ బాయి అంటారు. ఆ గనికి నీళ్ల బాయి అని పేరు. దేవసహాయం అందులో ముప్పై ఏడేళ్లు పనిచేశాడు, కానీ ఒక్కరోజు కూడా బొగ్గు కొట్టలేదు. ఆయనది నింపే పని. బొగ్గు తీశాక మిగిలే ఖాళీని అలాగే వదిలేస్తే కప్పు కూలి, పైనున్న నేల కుంగిపోతుంది. అందుకని ఆ ఖాళీల్లో గోదావరి ఇసుక నింపేవాళ్లు. పైన బంకరు అనే పెద్ద తొట్టిలో ఇసుకను నీళ్లతో కలిపి గొట్టంలోకి వదిలితే, అది కిందికి దూకి, ఖాళీకి అడ్డంగా కట్టిన తడక వెనకాల పడేది. ఇసుక లోపల నిలిచిపోయేది, నీళ్లు తడక సందుల్లోంచి కారిపోయేవి.

ఆ కారే నీళ్లను చూడడమే మేస్త్రి విద్య. నీళ్లు మురికిగా వస్తున్నంతసేపు లోపల ఇంకా చోటున్నట్టు. తేటబడి, ధార సన్నబడితే ఇసుక కప్పును తాకినట్టు. అప్పుడు మేస్త్రి చెయ్యెత్తి “బస్” అనేవాడు. ఫోనులో ఆ మాట పైకి పోయేది. పైన గొట్టం ఆపేసి, ఫలానా పానెల్ నిండిందని రిజిస్టరులో రాసుకునేవాళ్లు. పానెల్ అంటే గనిలో ఒక వాటా, ఊళ్లో వీధిలాంటిది. లోపలికి దూరి చూసి రావడానికి దారి ఉండదు. పైన నేల నిలబడ్డదంటే కింద ఒక మనిషి కంటిచూపును నమ్ముకునే నిలబడ్డది.

క్రిస్టినా కాలనీ బడిలో టీచరు. బడి అంటే రేకుల షెడ్డు. ఎండాకాలం పిల్లలు పలకలతో విసురుకుంటారు, వానాకాలం చప్పుడుకు పాఠం వినబడదు. దీన్ని మార్చాలని ఆమె రెండేళ్లపాటు హైదరాబాదులోని ఒక సంస్థకు ఉత్తరాలు రాసింది. బొగ్గు అయిపోయిన ఊళ్లలో సుస్థిర అభివృద్ధి కేంద్రాలు కట్టిస్తామని ఆ సంస్థ ప్రకటించింది. పిల్లలకు తరగతి గదులు, లైబ్రరీ, వాన నీటిని పట్టుకునే తొట్టి, పైకప్పు మీద సోలార్ పలకలు. చివరికి ఈ కాలనీకే మంజూరైంది.

ఆ సాయంత్రం ఆమె ఇంట్లో నేల మీద చార్టు పరుచుకుని పెద్ద అక్షరాలతో రాస్తోంది. రేపటివాళ్లకు లేకుండా చెయ్యకుండా ఇవాళ్టి అవసరాలు తీర్చుకోవడమే సుస్థిర అభివృద్ధి అని. మంచం మీదున్న దేవసహాయం చదివి నవ్వాడు. ఆయన నవ్వు కూడా తిట్టులాగే ఉండేది.

“ఎందుకు నవ్వుతున్నవ్ బాపు?”

“గీ ముచ్చట చెప్పెటందుకు హైదరాబాదు నుంచి రావాల్నా? మేం బతుకంత చేసింది గదే గదనే. తీసినకాడ నింపినం. గీ ఓపెన్‌కాస్టోళ్ల లెక్క మీదికెళ్లి నేలంత తవ్వి ఇడిసిపెట్టి పోలే.”

“ఏంటితోని నింపిండ్రు?”

“ఇసుకతోని.”

“యాడికెళ్లి వచ్చింది ఇసుక?”

“గోదావరికెళ్లి. ఆకాశంకెళ్లి వస్తదా?”

“మరి గోదావరిని ఎవరు నింపాలె? ఒక బొంద పూడ్వనీకి ఇంకో బొంద తవ్విండ్రు. నా పిల్లలను ఏటికి తోల్కపోతే ఇసుక చూపియ్యనీకి లేదు, బండలే కనవడ్తున్నయ్. గది నింపుడు కాదు బాపు. బొంద జాగ మార్చుడు.”

“నోరు బాగ లేసింది. నువ్వు తిన్న బువ్వ గా ఇసుకదే.”

“తిన్న గాబట్టే అడుగుతున్న.”

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. వాళ్లిద్దరి మధ్య ఏ మాటైనా అలాగే ముగిసేది. ఆమె డిగ్రీ చదువుతానన్నప్పుడూ, చూపించిన సంబంధాలు వద్దన్నప్పుడూ, సగం జీతానికి ఈ బడిలో చేరినప్పుడూ అంతే.

కేంద్రం ఎక్కడ కట్టాలో తేలిన రోజు నుంచి ఆయన మరీ చెడ్డవాడైపోయాడు. గని గేటుకూ కాలనీకీ మధ్య పాత ఇసుక బంకరు ఉండిన మైదానాన్ని ఎంచారు. పని చూసే ఆఫీసరు జైపాల్ మనుషులను తెచ్చి ముగ్గుతో గీతలు వేయించాడు. దేవసహాయం పొద్దున్నే వెళ్లి ఆ గీతలను కాళ్లతో చెరిపేశాడు. మళ్లీ వేసి, మూలల్లో మేకులు దించారు. ఈసారి మేకులు పీకి తుమ్మ చెట్లలోకి విసిరేశాడు.

జైపాల్ సౌమ్యంగానే అడిగాడు. “పెద్దాయనా, మీకు అభ్యంతరం ఏమిటో చెప్పండి. మాట్లాడుకుందాం.”

“నీతోని నాకేం ముచ్చట? ఈడ కట్టకుండ్రి, అంతే. వేరేకాడ కట్టుకోండ్రి.”

“ఎందుకు?”

“నా ఇష్టం.”

మేకుల దగ్గర చేరిన ఆడవాళ్లలో యమున అనే ఆవిడ, ఇద్దరు పిల్లల తల్లి, గట్టిగానే అంది. “బిడ్డ పేరు పెద్దగైతదని కుళ్లు ముసలోనికి. మన పిల్లలు రేకుల కింద ఉడికి సచ్చినా మంచిదే ఆయనకు.”

దేవసహాయం ఆమెకు జవాబు చెప్పలేదు. అది కొత్త విషయం.

ఆ మధ్యాహ్నం క్రిస్టినా బడి వదిలి నేరుగా ఇంటికొచ్చి తలుపు వేసింది. “ఇయ్యాల చెప్పాలె నువ్వు. గా మైదానం జోలికి ఎందుకు పోతున్నవ్?”

ఆయన చాలాసేపు తిట్టాడు. సంస్థను, జైపాల్‌ను, యమునను, చివరికి కూతురిని. తిట్లు అయిపోయాక తల వంచుకుని చెప్పాడు. “గా జాగ కింద ఉత్తగున్నది. నిండలే. నిండిందని నేనే చెప్పిన.”

అది తొంభై అయిదు వానాకాలం మాట. ఆయన మేస్త్రి అయ్యి మూడు వారాలు. ఆ పోస్టు తనకే వస్తుందని గ్యాంగులో సీనియరు సదయ్య అందరికీ చెప్పుకుని ఉన్నాడు. రాకపోయేసరికి రోజూ దేవసహాయం వెనకాలే నిలబడి, “చూస్తం మేస్త్రీ, నీ కండ్లు ఎంత దూరం ఆనుతయో” అని నలుగురి ముందూ అనేవాడు. ఆ రోజు మూడో డిప్పు, అంటే కిందికి దిగే మూడో వాలు దారి, పక్కనున్న పానెల్ నింపుతున్నారు. గని నోటికి దగ్గరిది, లోతు తక్కువ. పొద్దుటి షిఫ్టు సగం దాటాక తడక నీళ్లు తేటబడ్డాయి. దేవసహాయం బ్యాటరీ దీపం పట్టి చూశాడు. ధార సన్నగా, అద్దంలా వస్తోంది. చెయ్యెత్తి “బస్” అన్నాడు.

మర్నాడు పైన బంకరు పక్కనుంచి నడుస్తూ లోపలికి తొంగి చూస్తే అడుగు కనిపించింది. గోదావరి పొంగి లారీలు ఏట్లోకి దిగక, ముందురోజు మధ్యాహ్నానికే ఇసుక అయిపోయిందట. బంకరువాళ్లు గొట్టం పూడుకుపోకుండా కొంతసేపు వట్టి నీళ్లే వదిలారట. ఆయన చూసిన తేట నీళ్లు నిండిన ఖాళీలోంచి రాలేదు. ఇసుక లేని గొట్టంలోంచి వచ్చాయి. పానెల్ సగం కూడా నిండలేదు.

షిఫ్టు చూసే ఓవర్‌మన్ గదికి అప్పుడే వెళ్లాడు, చెప్పేద్దామనే. అక్కడ సదయ్య బెంచీ మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. “ఏం మేస్త్రీ, నిండిందా మంచిగ?” అని అడిగాడు. ఓవర్‌మన్ కూడా తలెత్తి చూశాడు. దేవసహాయం నోట్లోంచి “నిండింది” అని వచ్చింది. ఆ మాటే రిజిస్టరుకెక్కింది.

క్రిస్టినా అంతా విని మంచం పట్టెమీద కూర్చుంది. “మరి ముప్పై ఏండ్లు ఏం కాలే గదా? ఇప్పుడే ఎందుకు యాదికొచ్చింది?”

“బాయి మూసినంక నీళ్లు నిండినయ్. నీళ్లు కప్పును పట్టుకొని ఉంటయ్. ఇప్పుడు పక్కన ఓపెన్‌కాస్టోళ్ల మోటర్లు రాత్రింబగళ్లు తోడుతున్నయ్. మన బోర్లు ఎట్ల ఎండినయో చూస్తలేవా? కింద నీళ్లు పోయినయ్. కప్పు ఒట్టిగ యాలాడ్తున్నది.”

ఆమె మొహంలో భయం కాదు, కోపం కనిపించింది. “నాకు నమ్మబుద్ధి అయితలే బాపు. నేను పట్టుకున్నది ఏదైనా నీకు నచ్చది. ఇప్పుడు గిదొక కత.”

“కత గాదే.”

“సాక్ష్యం ఎవరున్నరు?”

ఆయన ఆ పేరును తిట్టులా పలికాడు. “సదయ్య.”

సదయ్య రిటైరయ్యాక కమాన్‌పూర్ దగ్గర సొంతూరికి పోయి పత్తి వేసుకుంటున్నాడు. మర్నాడు ఆదివారం. తండ్రీకూతుళ్లు ఆటోలో వెళ్లారు. సదయ్య చేను గట్టు మీద పురుగుల మందు డబ్బా దించి, ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. కూర్చోమనలేదు.

“ఏందే మేస్త్రీ, తొవ్వ తప్పినవా?”

“మూడో డిప్పు పానెల్ ముచ్చట అడగనీకి వచ్చిన.”

“నిండిందన్నవ్ గదా. మళ్ల ఏమడుగుతవ్?”

క్రిస్టినా కలగజేసుకుంది. “కాక, గది నిజంగ నిండిందా, నిండలేదా? ఆడ పిల్లల బడి కడుతున్నరు. నిజం చెప్పు.”

సదయ్య ఆమెవైపు చూడలేదు. దేవసహాయం వైపే చూస్తూ నవ్వాడు. ఏళ్లుగా దాచిపెట్టుకున్న వస్తువును బయటికి తీసినట్టుంది ఆ నవ్వు. “నాకు గా రోజే ఎర్క. తడక కట్టినోణ్ణి నేను. ఎనుక ఇసుక పడే సప్పుడుకు, ఉత్త నీళ్లు పడే సప్పుడుకు ఫరక్ తెల్వదా నాకు? నువ్వు బస్ అన్నవ్. నేను ఊకున్న. ఎన్నడన్న ఒకనాడు కూలుతది, నీ మేస్త్రిగిరి బయటపడ్తది అని సూసిన. ఓవర్‌మన్ కాడ అడిగింది గందుకే. పండ్లు ఊడినదాక సూసిన, కూలదాయె.”

“లోపల మనుషులు పని చేస్తుండిరి గదా కాక! మీద మేం ఉంటిమి.”

“నింపాల్సింది మీ బాపు. నన్నడుగుతవేందమ్మా?”

“గిదే ముచ్చట రాసిస్తవా?”

“నా చెయ్యి పడ్డ కాయితం ఒక్కటి దొరకది మీకు. పోండ్రి. పొద్దెక్కుతున్నది, మందు కొట్టాలె.”

తిరుగు ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డప్పుడు క్రిస్టినా తండ్రి మొహంలోకి చూసింది. “ఆయన నవ్వుతడని నువ్వు చెప్పలే. నువ్వు పడాలని ఆయన చెప్పలే. గింతేనా?”

దేవసహాయం ఇంకా పెద్ద కారణం ఏదైనా ఉందేమోనని లోపల వెతుక్కున్నాడు. ప్రాణభయమనో, ఉద్యోగం పోతుందనో చెబితే ఆమె కొంచెం మెత్తబడేదేమో. దొరకలేదు.

“గింతే,” అన్నాడు.

సోమవారం ఆమె జైపాల్ దగ్గరికి వెళ్లింది. కేంద్రానికి నీళ్ల కోసం ఎలాగూ బోరు వేయాలి. పునాది కన్నా ముందే వేద్దామని, చోటు తాను చూపిస్తానని అడిగింది. ఆయన ఫైలు తెరిచి ఒక కాగితం మీద వేలు పెట్టాడు.

“మేడం, నేల గట్టిదని సర్టిఫికెట్ ఉంది. రికార్డు చూసే ఇచ్చారు. పానెల్ నిండిందని స్పష్టంగా రాసి ఉంది.”

“గా రికార్డు మా బాపు నోరే సార్.”

జైపాల్ ఆ పూట ఎవరెవరికో ఫోన్లు చేశాడు. రెండు రోజుల తర్వాత బోరు లారీ వచ్చింది. కాలనీ సగం మైదానంలోకి వచ్చి చేరింది. దేవసహాయం పాత గని నోటి దగ్గర నిలబడి, దిక్కు చూసుకుని, అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. జనం వెనకాల నుంచి, “ముసలోడు నిధి చూపిస్తుండు” అని నవ్వారు. ఆయన ఒకచోట ఆగి మడమతో నేలను తొక్కాడు. “ఈడ.”

యంత్రం మొదలైంది. ముందు ఎర్రమట్టి, తర్వాత తెల్లటి రాతి పొడి రంధ్రంలోంచి పొగలా లేచింది. ఒక్కో రాడ్డూ దిగుతోంది. యాభై అడుగులు, ఎనభై, వంద. యమున ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, “ఏది? ఉత్తగున్నదంటివి?” అని కేకేసింది. ఎవరో చప్పట్లు కొట్టారు. క్రిస్టినా పెదవులు కదులుతున్నాయి. తండ్రి తప్పు అయితే బాగుండునని ఆమె ప్రార్థించుకుంటోందని ఆయనకు అర్థమైంది. తానూ అదే కోరుకున్నాడు. ముప్పై ఏళ్లుగా తాను పొరపాటుపడ్డాననీ, ఆ పానెల్ నిజంగానే నిండిందనీ, అందరి ముందూ అబద్ధాలకోరుగా తేలి ఇంటికి పోవాలనీ.

నూట ఇరవై అడుగుల దగ్గర పొడి లేవడం ఆగిపోయింది. యంత్రం తిరుగుతూనే ఉంది, గాలి కొడుతూనే ఉంది. కానీ రంధ్రంలోంచి ఏమీ రావడం లేదు. అంత గాలీ కింద ఎక్కడికో పోతోంది. ఆ వెంటనే రాడ్డు ధబ్బున కిందికి జారింది. లారీ మొత్తం ఊగింది. నడిపేవాడు కేకపెట్టి యంత్రం ఆపేశాడు.

జారింది ఆరడుగుల పైనే. అక్కడున్నవాళ్లంతా ఒక్కసారిగా తమ పాదాలవైపు చూసుకున్నారు. తర్వాత ఒకరినొకరు తోసుకుంటూ రోడ్డు మీదికి పరుగెత్తారు. దేవసహాయం కదలలేదు. క్రిస్టినా వచ్చి మోచెయ్యి పట్టి లాక్కుపోయింది. ఆ పట్టులో ప్రేమేమీ లేదు. చెయ్యి కమిలిపోయింది.

రోడ్డు మీదికి చేరాక జనం ఆయన చుట్టూ మూగారు. యమున గొంతు అందరికన్నా పైన వినిపించింది. “గిదొక్కటేనా? మా ఇండ్ల కింద ఏమున్నది? చెప్పు!”

జైపాల్ పక్కకు వచ్చి చిన్నగా అన్నాడు. “ఇదొక్కటేనని చెప్పండి. ప్రస్తుతానికి జనాన్ని ఇళ్లకు పంపిద్దాం.”

దేవసహాయం ఆయన్ను చూశాడు, తర్వాత యమునను. “నా గ్యాంగుది గిదొక్కటే. దినాం మూడు షిఫ్టులు నడిచినయ్. మిగిలిన రెండు గ్యాంగులోళ్లు ఏం చూసిండ్రో, ఏం చెప్పిండ్రో నాకెర్కలే. గా యేడు గోదావరి పదకొండు దినాలు పొంగి ఉన్నది.”

ఎవరో మట్టిపెళ్ల విసిరారు. అది ఆయన భుజానికి తగిలింది. ఇంకొకరు, “ఇయ్యాలటిదాక మంచిగ పండుకుంటిమి గదరా, నీ నోరు పడిపోను” అన్నారు. ఆయన తిరిగి తిట్టాడు, పేరుపేరునా, ఇంటింటి గుట్టూ విప్పి. ఆ రోజైనా మెత్తగా ఉంటాడనుకున్నవాళ్లకు ఆ అవకాశం ఇవ్వలేదు.

సంస్థ ఆ కేంద్రాన్ని వేరే ఊరికి తీసుకుపోయింది. మైదానం చుట్టూ ముళ్లతీగ వేశారు. బడి రేకుల కిందే ఉండిపోయింది. పిల్లలకు దక్కాల్సింది తండ్రీకూతుళ్లు పోగొట్టారని కాలనీ మొత్తం వాళ్లిద్దరితో మాట మానేసింది. అప్పటివరకు టీచరమ్మా అని పిలిచినవాళ్లు నల్లా దగ్గర క్రిస్టినా బిందెను పక్కకు నెట్టేవాళ్లు. ఆమె తండ్రికి వేళకు అన్నం పెట్టేది, మందులు ఇచ్చేది, అంతకుమించి మాట్లాడేది కాదు. బడి అయ్యాక మాత్రం గని మ్యాపు ఆయన ముందు పరిచి, ఏ పానెల్ ఎవరి గ్యాంగు నింపిందో అడిగి రాసుకునేది. ఆయన విసుక్కుంటూనే చెప్పేవాడు. ఆ కాగితాలతో ఆమె ఆఫీసుల చుట్టూ తిరిగితే, వేసవిలోగా కాలనీ అంచున నాలుగు బోర్లు వేశారు. మూడు గట్టిగానే వచ్చాయి. నాలుగోదాంట్లో రాడ్డు మళ్లీ జారింది. అక్కడి పన్నెండు క్వార్టర్లు ఖాళీ చేయించారు. ఖాళీ చేసినవాళ్లలో యమున ఒకతె. సామాను ఎత్తుతూ ఆమె దేవసహాయం ఇంటివైపు ఉమ్మేసి పోయింది.

వానలు మొదలవకముందే, ఊపిరి అందక ఆయన దవాఖానాలో పోయాడు. సమాధి దగ్గరికి పాతికమంది కూడా రాలేదు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది పాత గని మనుషులు. డ్యూటీలో కలిసి తిరిగినవాళ్లు కాబట్టి రాకతప్పక వచ్చారు. సదయ్య రాలేదు. పాస్టరు వాక్యం చదివి, పోయినాయన గురించి ఎవరైనా రెండు మాటలు చెబుతారా అని అడిగాడు. ఎవరూ ముందుకు రాకపోతే క్రిస్టినా లేచింది.

ఆమె తండ్రి గురించి ఏమీ చెప్పలేదు. సంచిలోంచి, ఇంకా తేలని పానెళ్లు చాలా మిగిలి ఉన్న ఆ గని మ్యాపు తీసి, మడతలు విప్పి, ముసలివాళ్లకు కనిపించేలా రెండు చేతులా ఎత్తి పట్టుకుంది.

“తొంభై అయిదుల సెకండ్ షిఫ్టుల ఇసుక నింపినోళ్లు ఈడ ఎవరున్నరు?”

ఒకాయన కండువా సర్దుకున్నాడు. ఒకాయన గేటువైపు చూశాడు. గుంట తవ్వినవాళ్లు పారల మీద చేతులానించి నిలబడ్డారు. ఆమె మళ్లీ అడిగింది.